చావు పాట నుంచి ర్యాప్ వేదిక దాకా

ఉత్తర చెన్నై పేటల్లో చావు జరిగితే ఆ రాత్రి గానా పాడతారు. శవం దగ్గర కూర్చున్నవాళ్లు కునుకు తీయకుండా, పోయిన మనిషి మంచీ చెడూ తలుచుకుంటూ, మధ్యమధ్య వేళాకోళం కూడా కలుపుతూ తెల్లవార్లూ సాగే పాట అది. పేరు మరణ గానా. అరివు వంటి తమిళ దళిత ర్యాపర్ల చరిత్రను ఇక్కడినుంచి చెప్పుకోవడమే సబబు. హిప్‌హాప్ 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టిన మాట నిజమే. అది చెన్నై చేరేసరికి మాత్రం, దరువు మీద మాటలు దొర్లించే విద్య ఈ పేటలకు కొత్తేమీ కాదు.

ఈ పేటలు రేవునూ రైల్వేనూ బట్టల మిల్లులనూ పట్టుకుని పెరిగాయి. సెంటు భూమి లేని పల్లె దళితులు కూలి వెతుక్కుంటూ వచ్చి రాయపురం, వ్యాసర్పాడి వైపు స్థిరపడ్డారు. వాళ్ల నోట తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు కలిసి ‘మద్రాసు బాష’ అయింది. తండ్రిని ‘నైనా’ అనడం అందులోకి తెలుగునుంచి వెళ్లినదే. చదువుకున్నవాళ్లు ఈ యాసను రౌడీల భాషగా చూశారు. 1990లలో సంగీత దర్శకుడు దేవా గానాను సినిమాల్లోకి తెచ్చి ఊరందరిచేతా చిందులేయించాడు కానీ, పాట పుట్టిన పేట మీద చిన్నచూపు అలాగే ఉండిపోయింది.

గానా కంటే పాతది పరై. మన డప్పుకు తోబుట్టువు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి, భుజాన వేలాడదీసుకుని రెండు పుల్లలతో వాయిస్తారు. ఒకటి పొడుగ్గా సన్నగా, రెండోది పొట్టిగా లావుగా ఉంటుంది. డప్పుకు చిటికెన పుల్ల, సిర్ర ఉన్నట్టే. చావుకు వాయించడం పరైయర్ల విధిగా ఊరు నిర్ణయించింది. కులానికి ఆ పేరు వాద్యాన్నిబట్టే వచ్చిందంటారు. ఆ కులం పేరే ఇంగ్లీషులోకి ‘పరయా’గా వెళ్లి, వెలివేసిన మనిషి అనే అర్థంలో స్థిరపడింది. వాయించేవాడి సొంత పేరు ఎవరికీ అవసరపడలేదు.

ఆ కులం పేరును వదిలించుకునే ప్రయత్నమూ పాతదే. సిద్ధవైద్యుడు, బౌద్ధ ఆలోచనాపరుడు అయోతిదాసు (1845–1914) తన ప్రజలు జనాభా లెక్కల్లో కులం లేని ద్రావిడులుగా నమోదు కావాలని వాదించాడు. శతాబ్దం గడిచాక ఆ మాట ఒక సంగీత బృందానికి పేరైంది. సినీ దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి కూర్చిన ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ 2018 జనవరి 6న చెన్నైలో తొలి కచేరీ చేసింది. 19 మంది, సూట్లు వేసుకుని వేదికెక్కారు. గిటారు పక్కన పరై, గానా గొంతు పక్కన ర్యాప్. రిజర్వేషన్లు, గొడ్డుమాంసం, పరువు హత్యలు పాటలయ్యాయి. మగవాళ్ల సొత్తుగా నడిచిన గానాను ఇసైవాణి అనే యువతి పాడటం అన్నిటికంటే పెద్ద మార్పు. 2020లో బీబీసీ వంద మంది మహిళల జాబితాలో ఆమె పేరు చేరింది.

ఈ బృందంలో ర్యాప్ అరివుది. తమిళ ర్యాప్‌కు బాట వేసినవాళ్లలో మలేషియా తమిళుడు యోగి బి ముఖ్యుడు. అరివు దాన్ని కులం వైపు తిప్పాడు. అరక్కోణానికి చెందిన అతను 2019లో ‘తెరుక్కురళ్’ ఆల్బం తెచ్చాడు. ప్రాచీన తమిళ నీతిగ్రంథం తిరుక్కురళ్ పేరులో ‘తిరు’ స్థానంలో ‘తెరు’, అంటే వీధి, పెట్టిన కొంటెతనం అది.

2021 మార్చిలో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామి’కి మూలం అతని అవ్వ వళ్లియమ్మాళ్. ఆమె శ్రీలంక తేయాకు తోటల్లో కూలి. 1964 సిరిమావో-శాస్త్రి ఒప్పందం 5,25,000 మంది తోట తమిళులను భారతదేశానికి పంపాలని తేల్చింది. తోటలు నిలబెట్టినవాళ్లకు అక్కడా సెంటు భూమి దక్కలేదు. ఆ తోటల బతుకు నుంచి వచ్చిన పాటలో ఒప్పారి, అంటే శోకాల వరస, ర్యాప్‌తో జతకలిసింది. సంతోష్ నారాయణన్ నిర్మాణంలో ధీ, అరివు పాడిన ఆ పాట దేశాలు దాటింది.

పేరు గొడవ అక్కడా తప్పలేదు. 2021 ఆగస్టులో ఆ పాటను ప్రస్తావించిన రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం మీద అరివు లేడు. రంజిత్ బాహాటంగా నిలదీశాడు. 2022 జులైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో అదే పాట అతను లేకుండానే వినిపించింది. పాట ఎవరి కష్టమో చెబుతూ అరివు ప్రకటన ఇచ్చాడు, సంతోష్ నారాయణన్ తన వైపు మాట చెప్పాడు. 2024లో వచ్చిన అరివు ఆల్బం పేరు ‘వళ్లియమ్మ పేరాండి’. వళ్లియమ్మ మనవడు అని అర్థం.