రెండు పుష్కరాల నడుమ తెలుగు వెబ్ పాఠం: బ్రౌజర్ల పోటీ, ప్రమాణాల పాత్ర

గోదావరి పుష్కరాలు 2003లో ఒకసారి, 2015లో మరొకసారి జరిగాయి. రెండు సందర్భాలలోనూ రాజమహేంద్రవరం స్నానఘట్టాల వార్తలు వెబ్‌లోనూ వెలువడ్డాయి. అయితే ఈ రెండు వార్తారాశులు నేటి పరిశోధకునికి సమానంగా అందవు. 2015 నాటి పాఠాన్ని వెతకవచ్చు, ఉటంకించవచ్చు, పదసూచి తయారు చేయవచ్చు. 2003 నాటి ప్రధాన పత్రికల పుటలు ఎక్కడైనా భద్రంగా ఉన్నా, వాటిని తెరిస్తే కనిపించేది అర్థంలేని రోమన్ అక్షరాల వరుస. ఈ భేదానికి కారణాలను బ్రౌజర్ల చరిత్రలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట లిపి సంకేతీకరణ విషయం. యూనికోడు తొలి కూర్పు 1991లోనే తెలుగుకు 128 స్థానాలను కేటాయించింది. దీనికి ఆధారం భారతీయ ప్రమాణమైన ఇస్కీ. ఈ పద్ధతిలో ‘రాజమహేంద్రవరం’ అనే పదం 13 సంకేతాల వరుస. అందులోని ‘ద్ర’ అనే సంయుక్తాక్షరం దకారం, పొల్లు, రేఫల కూడిక. తెరపై వత్తు ఎక్కడ నిలవాలో నిర్ణయించే బాధ్యత ఫాంటుది, దానిని నడిపే వ్యవస్థది. నాటి పత్రికల ఫాంట్లు ఇందుకు భిన్నంగా తలకట్టు, దీర్ఘం, వత్తు వంటి లిపి ఖండాలను రోమన్ అక్షరాల స్థానాలలో నిలిపాయి. ఏ ఖండం ఏ స్థానంలో ఉండాలన్నది ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క విధంగా నిర్ణయించుకుంది. అందువల్ల కంప్యూటరులో నిలిచింది తెలుగు పాఠం కాదు, తెలుగు ఆకృతి మాత్రమే.

పాఠకుని వద్ద ఆ ఫాంటు లేకపోతే పుట చదవడం సాధ్యం కాదు. ఈ చిక్కును తీర్చడానికి 1997లో రెండు పరస్పర విరుద్ధ మార్గాలు వచ్చాయి. నెట్‌స్కేప్ నాలుగవ కూర్పు బిట్‌స్ట్రీమ్ సంస్థ పద్ధతిని స్వీకరించగా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగవ కూర్పు మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతిని తెచ్చింది. వీటికే డైనమిక్ ఫాంట్లని వాడుక. నెట్‌స్కేప్ క్షీణించి ఎక్స్‌ప్లోరర్ వాటా నూటికి తొంభై దాటిన తరువాత తెలుగు పత్రికలకు ఆచరణలో రెండవ మార్గమే మిగిలింది. ఆ పద్ధతిలో ఫాంటును ఒక వెబ్ చిరునామాకు కట్టివేయవచ్చు. పుట అక్కడ చక్కగా కనిపిస్తుంది. దానిలోని వాక్యాన్ని మరొకచోటికి తీసుకువెళితే తెలుగు మాయమవుతుంది.

దీనిని ఒక సంస్థ దోషంగా మాత్రమే చూడటం సరికాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో యూనికోడు ఫాంటును అందించింది కూడా మైక్రోసాఫ్టే. ధవళేశ్వరం దిగువన సాగే గోదావరి పాయ పేరే ఆ ఫాంటుకూ ఉంది: గౌతమి. కానీ దాన్ని సరిగా చూడాలంటే సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని విడిగా స్థాపించుకోవాలి. డైనమిక్ ఫాంటుకు ఆ శ్రమ లేదు. పత్రికలు పాఠకుని సౌలభ్యాన్ని ఎంచుకోగా, భావి పరిశోధకుని అవసరం వెనుకబడింది.

పరిస్థితి మారడానికి బీజం 1998లో పడింది. ఆ ఏడాది మార్చి 31న నెట్‌స్కేప్ సోర్సుకోడు బహిరంగమై మొజిల్లా ప్రాజెక్టుకు ఆధారమైంది. దాని ఫలంగా 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ తొలి కూర్పు వెలువడింది. బయటివారు పొడిగింతలు రాసి చేర్చుకునే వీలు అందులో ఉంది. ఈ వీలును వినియోగించుకొని వెన్న నాగార్జున ‘పద్మ’ను రూపొందించారు. అది ఈనాడు, వార్త వంటి పత్రికల డైనమిక్ ఫాంటు పాఠాన్ని యూనికోడులోకి మార్చి చూపేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆవిర్భావానికి కృషి చేసినవారూ ఆయనే. పుష్కర వార్తలు మూసిన లిపిలో వెలువడిన ఏడాదే తెరిచిన లిపిలో ఒక విజ్ఞానసర్వస్వం మొదలవడం గమనార్హం.

తరువాతి దశలో ఫాంట్ల సమస్య కూడా ఉమ్మడి ప్రమాణంతోనే తీరింది. వోఫ్ అనే వెబ్ ఫాంటు రూపాన్ని బ్రౌజర్లు అంగీకరించగా, 2012 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దానిని సిఫారసు స్థాయికి చేర్చింది. సిలికానాంధ్ర స్వేచ్ఛా అనుమతులతో అందించిన సూరన్న, మండలి, గురజాడ వంటి తెలుగు ఫాంట్లు ఇప్పుడు ఏ బ్రౌజరులోనైనా కనిపిస్తాయి. ఫాంటు మారినా పాఠం మారదు.

ఈ చరిత్రను ఫైర్‌ఫాక్స్ విజయగాథగా చెప్పడం తొందరపాటు. 2017 నవంబరులో వచ్చిన 57వ కూర్పుతో ఫైర్‌ఫాక్స్ పాత తరహా పొడిగింతలకు స్వస్తి పలికింది. 2022 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. తాళంతో పాటు తాళంచెవి కూడా పాతబడిందన్నమాట. బ్రౌజర్లు వస్తాయి, పోతాయి. ఉమ్మడి ప్రమాణంలో నిలిచిన పాఠమే వాటిని దాటి మిగులుతుంది. పోటీ చేసిన మేలు ఆ ప్రమాణాన్ని విస్మరించడం కష్టతరం చేయడమే.

ఈ నిర్ణయం నుంచి ఒక కర్తవ్యం కూడా ఏర్పడుతుంది. సుమారు దశాబ్దకాలపు తెలుగు పత్రికా గద్యం, అంటే మాండలిక ప్రయోగాలు, జిల్లా వార్తలు, సాహిత్య పుటలు, పాత ఫాంట్ల సంకేతాలలో చిక్కుకొని ఉంది. ఆయా ఫాంట్ల ఖండాలకు యూనికోడు సమానాలను చూపే పట్టికలు లభ్యమవుతున్నంతవరకే ఆ పాఠాన్ని ఉద్ధరించడం సులభం. తాళపత్రాలకు పరిష్కర్తలు చేసిన సేవ వంటిదే ఇది. లిపి ఖండాల క్రమాన్ని, సంయుక్తాక్షరాల స్వరూపాన్ని ఎరిగిన తెలుగు శాఖలే దీనికి అర్హమైనవి. 2027లో రాబోయే పుష్కరాన్ని 2003 నాటి పుష్కరంతో పోల్చి అధ్యయనం చేయగలగడం ఆ పనిపైనే ఆధారపడి ఉంది.