ఫ్రేమింగ్‌హామ్ జైలు నుంచి హారిసన్ అవెన్యూ దాకా

బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు ఆష్‌లాండ్‌లోని లక్ష్మీదేవి గుడి బాగా తెలుసు. ఆ పక్క ఊరు ఫ్రేమింగ్‌హామ్‌లో 1877 నాటి ఆడవాళ్ళ జైలు ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. నాకూ ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

నేను బోస్టన్‌లో ఒక రికవరీ హోమ్‌లో పని చేస్తున్నాను. తాగుడు నుంచో, హెరాయిన్, ఫెంటనిల్ లాంటి మత్తుమందుల నుంచో బయటపడాలని వచ్చిన తల్లులు పిల్లలతో కలిసి ఉండే ఇల్లు అది. ప్రతి గదిలో ఒక మంచం, పక్కనే చంటిబిడ్డకు కటకటాల తొట్టి. తెల్లవారకముందే ఒకరిద్దరు తల్లులు పిల్లల్ని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, హెరాయిన్ లాంటివాటి నుంచి బయటపడటానికి మందు ఇచ్చే మెథడోన్ క్లినిక్‌కి బయల్దేరతారు. కొత్తగా చేరేవాళ్ళకు మేము నింపాల్సిన కాగితాలు బోలెడు. తాగుడు ఎప్పుడు మొదలైంది, ఆఖరిసారి ఏం వాడావు, ఎక్కడ పడుకుంటున్నావు అని వరసగా అడగాలి. వాళ్ళు మాత్రం కుర్చీలో సర్దుకోకముందే అడుగుతారు: "పాపని నా దగ్గరే ఉండనిస్తారా?" ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలనే ఈ రాష్ట్రం పాత చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

పందొమ్మిదో శతాబ్దంలో మసాచుసెట్స్‌లో తాగి వీధిలో పడిపోవడం నేరం. మగవాడైతే కొన్నాళ్ళు లోపలుండి వచ్చి మళ్ళీ పనిలో పడేవాడు. ఆడదైతే ఇంటి గడప తొక్కనిచ్చేవాళ్ళు కారు. డెడమ్ ఊరి జైలుకు వెళ్ళి ఖైదీ స్త్రీలతో మాట్లాడుతూ వచ్చిన హన్నా చికరింగ్ అనే ఆవిడ దీన్ని కళ్ళారా చూసింది. విడుదలైన మనిషికి వెళ్ళడానికి చోటు లేకపోతే ఏ వీధిలో పట్టుబడిందో ఆ వీధికే తిరిగి చేరుతుంది. అందుకే 1864లో జైలు నుంచి వచ్చిన స్త్రీల కోసం డెడమ్‌లో ఒక ఆశ్రయం పెట్టింది. ఈ రోజు మేము చేస్తున్న పనికి ఆద్యులు ఎవరని నన్ను అడిగితే మొదట ఆవిడ పేరే చెబుతాను.

మగ ఖైదీలతో కలిపి ఉంచకుండా ఆడవాళ్ళకు వేరే జైలు కావాలని చికరింగ్, ఎలెన్ చీనీ జాన్సన్, వాళ్ళ స్నేహితురాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. అలా 1877లో షెర్బోర్న్ జైలు తెరుచుకుంది. అదే ఇప్పటి ఫ్రేమింగ్‌హామ్ జైలు. అక్కడికి పంపినవాళ్ళలో తాగుడు కేసుల మీద వచ్చినవాళ్ళు చాలామంది. అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించిన క్లారా బార్టన్ కూడా 1883లో కొన్ని నెలలు దానికి సూపరింటెండెంట్‌గా చేసింది. ఆవిడ తరవాత వచ్చిన జాన్సన్ 1899లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉంది. తోటపని, పశువుల పెంపకం మనుషుల్ని మారుస్తాయని నమ్మి, ఖైదీలకు దూడల్ని, పట్టుపురుగుల్ని కూడా అప్పగించింది.

ఆ జైల్లో పసిపిల్లల గది ఒకటి ఉండేది. లోపల కాన్పయినవాళ్ళ బిడ్డలు, తల్లి చంకనెక్కి వచ్చిన చంటివాళ్ళు అందులో పెరిగేవాళ్ళు. మొదటిసారి ఇది చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. తాగుడుకు బానిసైన పేద తల్లికి బిడ్డతో కలిసి ఒకే కప్పు కింద ఉండే వీలు దొరికింది, కాకపోతే జడ్జి శిక్ష వేస్తేనే. జాన్సన్ మంచి మనిషి, ఆవిడ దయలో నాకు అనుమానం లేదు. కానీ ఆ దయ అందుకోవాలంటే ముందు నేరస్థురాలు కావాలి.

1932లో సూపరింటెండెంట్‌గా వచ్చిన మిరియం వాన్ వాటర్స్ ఖైదీల్ని 'విద్యార్థినులు' అనేది. మరీ మెతకదనమని 1949లో ఆవిడను పదవి నుంచి తీసేశారు. బహిరంగ విచారణ జరిగాక అదే ఏడాది మళ్ళీ తీసుకున్నారు.

తాగి ఉండటం నేరం కాదని 1971లో చట్టం చేశారు, 1973లో అమల్లోకి వచ్చింది. తాగినవాళ్ళను ఇక జైలుకు కాకుండా చికిత్సకు పంపాలి. బోస్టన్‌లో ఇల్లులేని మగవాళ్ళకు 1969 నుంచే పైన్ స్ట్రీట్ ఇన్ ఉంది. ఆడవాళ్ళకు అలాంటిది లేదు. మగవాళ్ళ షెల్టర్లో ఇంత తిండి కోసం మగవేషం వేసుకుని వచ్చిన స్త్రీలను కిప్ టియర్నన్ చూసింది.

కిప్ గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. 1926లో పుట్టింది. తండ్రి పసితనంలోనే పోయాడు, చిన్నప్పుడే తల్లీ పోయింది. అమ్మమ్మ చేతుల్లో పెరిగింది. జాజ్ పియానో నేర్చుకోవాలని బోస్టన్ వచ్చి, తాగుడు వల్ల చదువు పోగొట్టుకుంది. ఆ తరవాత తాగుడు మానేసి, ప్రకటనల వ్యాపారంలో బాగా స్థిరపడింది. అంతా వదిలేసి రాక్స్‌బరీ పేటలో బీదవాళ్ళ మధ్యకు వెళ్ళింది. తలమీద కాన్వాస్ టోపీ, మెడలో సిలువ, దానితోపాటు రోలర్ స్కేట్లు బిగించే తాళంచెవి ఆవిడ గుర్తులు. 1974 ఈస్టర్ రోజున సౌత్ ఎండ్‌లో మూతపడ్డ ఒక సూపర్‌మార్కెట్లో రోజీస్ ప్లేస్ తెరిచింది. దేశంలో ఇల్లులేని ఆడవాళ్ళ కోసమే పెట్టిన మొదటి షెల్టర్ అదే. వచ్చినవాళ్ళను అక్కడ 'అతిథులు' అంటారు. సర్కారు డబ్బు ముట్టుకోరు. డబ్బుతోపాటు షరతులూ వస్తాయని కిప్‌కు తెలుసు. 1984లో అగ్నిప్రమాదం జరిగి ఉన్న భవనం పోయింది. ఆ తరవాత హారిసన్ అవెన్యూకి మారారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. కిప్ 2011లో చనిపోయింది.

తల్లులకు దారి ఇంకా ఆలస్యంగా తెరుచుకుంది. 1983లో ఇల్లులేని కుటుంబాలకు, గర్భిణులకు ఆశ్రయం ఇవ్వడం ఈ రాష్ట్రంలో చట్టమైంది. చికిత్స నిధుల్లో 5 శాతం స్త్రీలకు కేటాయించాలని 1984లో ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు చెప్పింది, 1988లో దాన్ని 10 శాతం చేసింది. గర్భిణులు, బాలింతలు పిల్లలతో ఉండి చికిత్స పొందే ఇళ్ళకు 1990ల మొదట్లో గాని ప్రత్యేకంగా గ్రాంట్లు రాలేదు. మా ఇల్లు లాంటివి నిలబడింది ఆ తరవాతే. అంతకుముందు డిటాక్స్‌లో చేరాలంటే బిడ్డను ఎవరికో అప్పగించాలి, అప్పగించే దిక్కు లేకపోతే ప్రభుత్వం పంపే ఫాస్టర్ కేర్. అందుకే ఎంతోమంది చేరేవాళ్ళే కారు. ఇప్పటికీ మా దగ్గర '51ఏ' అనే మాట వింటే తల్లుల ముఖం పాలిపోతుంది. బిడ్డ సంరక్షణ సరిగా లేదని ప్రభుత్వానికి ఇచ్చే ఫిర్యాదు పేరు అది.

జైలు మాత్రం వెంటాడుతూనే వచ్చింది. మత్తుకు బానిసై ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళను చికిత్సకు నిర్బంధంగా పంపే 'సెక్షన్ 35' కింద, ఏ నేరమూ చేయని స్త్రీలను 2016 దాకా ఫ్రేమింగ్‌హామ్ జైలుకే పంపుతూ వచ్చారు. కూతురు బతికితే చాలని తల్లిదండ్రులే కోర్టుకు వెళ్ళేవాళ్ళు, కూతురు తేలేది ఆ జైల్లో. ఆ ఏడాది జనవరిలో గవర్నర్ చార్లీ బేకర్ దాన్ని ఆపే చట్టం మీద సంతకం పెట్టాడు. అంటే 1877లో తెరిచిన తలుపు తాగుడు రోగుల విషయంలో మూసుకోవడానికి 139 ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు నన్ను కలవరపెడుతున్నది చికిత్స తరవాతి సంగతి. మా ఇంట్లో ఉండగలిగేది కొన్ని నెలలు. బోస్టన్‌లో అద్దెలు ఈ తల్లులకు అందవు, హౌసింగ్ వోచర్ వరస ఏళ్ళ తరబడి కదలదు. కుటుంబ షెల్టర్లే దిక్కనుకుంటే, 2023లో రాష్ట్రం 7,500 కుటుంబాలు దాటకూడదని హద్దు పెట్టింది, 2024లో తొమ్మిది నెలలకు మించి ఉండకూడదని గడువూ పెట్టింది. విడుదలైన మనిషికి వెళ్ళే చోటు ముందే సిద్ధంగా ఉండాలని చికరింగ్ 1864లోనే కనిపెట్టింది. మా దగ్గరున్న, ఏడాదిగా మత్తు జోలికి వెళ్ళని తల్లి కూడా, బిడ్డను ఎత్తుకుని షెల్టర్ దరఖాస్తు నింపుతూ, 'చివరి శాశ్వత చిరునామా' అన్న గడి దగ్గర ఏం రాయాలని మమ్మల్నే అడుగుతోంది.