గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: వైరస్, ఎపిజెనెటిక్ మార్పులు

గర్భసంచి కింది కొసన, యోనిలోకి తెరుచుకునే చోట పుట్టే క్యాన్సర్ ఇది. దాదాపు అన్ని కేసులకూ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ). ఈ సంబంధాన్ని వెలికితీసిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి దక్కింది.

వ్యాధి పుట్టే తీరు: లైంగిక సంపర్కంతో సోకే ఈ వైరస్‌ను చాలామంది శరీరం ఒకటి రెండేళ్లలో వదిలించుకుంటుంది. 16, 18 వంటి ప్రమాదకర రకాలు తిష్ఠ వేస్తే, వాటి ఇ6 ప్రోటీన్ పీ53ని, ఇ7 ప్రోటీన్ ఆర్‌బీని (రెండూ కణవిభజనను అదుపు చేసే మన ప్రోటీన్లు) నిర్వీర్యం చేస్తాయి. కణవిభజనకు పగ్గాలు తెగుతాయి. వైరస్ ఎపిజెనెటిక్ మార్పులూ తెస్తుంది; డీఎన్‌ఏ అక్షరక్రమం మారకుండానే జన్యువుల పనితీరు మారడమే ఎపిజెనెటిక్ మార్పు. డీఎన్‌ఏకు మిథైల్ గుర్తులు తగిలించే ఎంజైమ్‌ను ఇ7 ఉసిగొల్పుతుంది. దాంతో సీఏడీఎం1 వంటి కణితి నిరోధక జన్యువులు మూగబోతాయి. సోకింది మొదలు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15-20 ఏళ్లు పడుతుంది.

తెలుగునాట: ఆంధ్రప్రదేశ్ రోగులపై 2005లో వెలువడిన అధ్యయనంలో 16వ రకమే ఎక్కువగా కనిపించింది. ఖమ్మంలో 2009లో బాలికలకు ప్రయోగాత్మకంగా హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు బాలికల మరణాలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. సమ్మతి సేకరణ లోపాలను మాత్రం 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుబట్టింది.

నివారణ: బాల్యంలో టీకా, 30 ఏళ్లు దాటాక క్రమం తప్పని పరీక్షలు.