యాజలి నుంచి ఎడ్మంటన్ దాకా

కెనడా వచ్చిన కొత్తలో ఆఫీసులో నాకో మెంటర్‌ని కేటాయించారు. నెలకోసారి కాఫీ, కాసేపు కబుర్లు. ఆర్నెల్లు తిరక్కుండానే ఆయన ఉద్యోగం మారిపోయారు. ఇక నాకు దారి చెప్పేవాళ్ళెవరూ లేరని చాలా రోజులు దిగులు పడ్డాను. గురువంటే ఒక్కరే, ఎప్పటికీ ఆయనే అన్న లెక్కలో ఉండేవాణ్ణి. ఆ లెక్క తప్పని నాకు చెప్పింది ఒక లెక్కల మాస్టారి జీవితం.

ఆయన మతుకుమల్లి వెంకట సుబ్బారావు. 1921లో గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, ఆర్. వైద్యనాథస్వామి దగ్గర డాక్టరేట్ చేశారు. ప్రెసిడెన్సీలో, తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, అమెరికాలో మిస్సోరిలో పాఠాలు చెప్పి, 1963లో ఎడ్మంటన్‌లోని అల్బర్టా విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లోంచి జాతి వివక్షను కెనడా తొలగించింది 1962లో. మన పాయింట్ల పద్ధతి వచ్చింది 1967లో. అంటే ఆ తలుపు అప్పుడప్పుడే తెరుచుకుంటోందన్నమాట.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆయన డాక్టరేట్ ఫంక్షనల్ అనాలిసిస్‌లో. పేరు తెచ్చింది మాత్రం సంఖ్యాశాస్త్రం. అయితే గురువుని వదిలేశారా అంటే, లేదు. వైద్యనాథస్వామి 1931లో గుణన ధర్మమున్న అంకగణిత ఫలాల మీద పెద్ద పేపరు రాశారు. సుబ్బారావుగారు తర్వాత చేసిన పనికి ఒక వేరు అందులోనే ఉంది.

ఒక చిన్న ఉదాహరణ. 60ని 4తో భాగిస్తే 15 వస్తుంది. 4కీ 15కీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. ఇలాంటి భాజకాలని యూనిటరీ భాజకాలంటారు. 60ని పక్కన పెడితే అలాంటివి 1, 3, 4, 5, 12, 15, 20. కూడి చూడండి, సరిగ్గా 60! ఈ రకం సంఖ్యల మీద సుబ్బారావుగారు, వారెన్ కలిసి 1966లో కెనడా గణిత పత్రికలో రాశారు. ఇప్పటిదాకా తెలిసినవి అయిదే అయిదు. అయిదోదానికి 24 అంకెలు. భావం మద్రాసులో 1931లో పుట్టింది, యూనిటరీ అన్న పేరు 1960లో ఒక అమెరికన్ పెట్టారు, కొత్త ప్రశ్న కెనడాలో 1966లో వచ్చింది. అప్పటికి గురువుగారు పోయి ఆరేళ్ళు.

ఉద్యోగాల్లో మెంటర్ల మీద కాథీ క్రామ్ అనే పరిశోధకురాలు 1983లో ఒక మాట చెప్పారు. ఈ బంధానికి నాలుగు దశలట: మొదలవడం, పెరగడం, విడిపోవడం, మరో రూపంలో మళ్ళీ కుదురుకోవడం. మనం మూడోదాని దగ్గరే ఆగిపోయి ఏడుస్తాం. నాలుగోది కూడా ఉందని మర్చిపోతాం.

నడివయసులో సుబ్బారావుగారి చుట్టూ పైనుండే గురువులు తగ్గి, పక్కన నడిచేవాళ్ళు పెరిగారు. 1972లో పాల్ ఎర్డిష్‌తో కలిసి పేపరు రాశారు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళతో బంధం తెగలేదు: 1980లో డి. సూర్యనారాయణగారితో, 1985లో ఆర్. సీతారామచంద్రరావుగారితో. ఈమెయిల్ లేని రోజుల్లో, ఎడ్మంటన్‌కీ వాల్తేరుకీ మధ్య! ముసలితనంలో హంగరీకి చెందిన ఇమ్రే కటాయ్‌తో వరసగా రాశారు.

నాకు బాగా నచ్చింది 1970 నాటి పేపరు. అందులో సహరచయిత ఎం. విద్యాసాగర్, స్వయానా కొడుకు. విస్కాన్సిన్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో అంతకు ముందు ఏడాదే పిహెచ్‌డి పూర్తి చేశారు. తండ్రీకొడుకులు కలిసి వాట్సన్ పేరుతో ఉన్న ఒక గణిత సర్వసమీకరణం మీద రాశారు. ఆ తర్వాత కొడుకు తన దారిన కంట్రోల్ సిస్టమ్స్‌లోకి వెళ్ళి, మాంట్రియల్‌లో, వాటర్లూలో పాఠాలు చెప్పి, 2012లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. తండ్రి తన సబ్జెక్టునే పట్టుకోమనలేదనే అనుకుంటాను.

ఇక చివరి ముడి. 4ని ఎన్ని రకాలుగా కూడికగా రాయొచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం అయిదు. ఇలా వచ్చే లెక్కల్ని పార్టిషన్లంటారు, రామానుజన్‌కి ఇష్టమైనవి. ఏ అంకశ్రేఢి తీసుకున్నా అందులోని సంఖ్యల పార్టిషన్ల లెక్క అనంతంగా సరిసంఖ్యా అవుతుంది, అనంతంగా బేసిసంఖ్యా అవుతుందని సుబ్బారావుగారు 1966లో ఊహించారు. సరిసంఖ్యల సగాన్ని 1996లో కెన్ ఓనో నిరూపించారు. ఆ ప్రశ్న పుట్టిన రెండేళ్ళకి పుట్టిన మనిషి ఆయన! మిగతా సగాన్ని 2012లో సిల్వియు రాడు పూర్తి చేశారు. ఆ పేపరు శీర్షికలోనే సుబ్బారావుగారి పేరుంది. చూడ్డానికి ఆయన లేరు, 2006 ఫిబ్రవరిలో ఎడ్మంటన్‌లోనే కన్నుమూశారు.

ఓనో, రాడు ఆయన క్లాసులో కూర్చున్నవాళ్ళు కారు. అయినా ఆయన వదిలి వెళ్ళిన ప్రశ్నే వాళ్ళకి పని చెప్పింది. జవాబు చెప్పే గురువు కొన్నాళ్ళే ఉంటాడు. మంచి ప్రశ్న ఇచ్చినవాడు మనకి పరిచయం లేకపోయినా గురువే.

మొన్న మా టీములో చేరిన కుర్రాడు ఒక సందేహం అడిగాడు. నాకు తెలీలేదు. తెలీదనే చెప్పాను, ఇద్దరం కూర్చుని వెతికాం. ఇంటికొచ్చి ఆర్నెల్లకే వెళ్ళిపోయిన ఆ పాత మెంటర్‌కి ఒక ఈమెయిల్ రాశాను. ఏమీ అడగలేదు, ఎలా ఉన్నారని మాత్రమే.