నిలువ
రసాయన ఇంజినీరింగు పాఠాల్లో ‘రెసిడెన్స్ టైమ్’కి (రియాక్టరులో ద్రవం గడిపే సమయానికి) ‘నిలువ కాలం’ అని రాస్తే నాకు మనసొప్పదు. నిలువకు మూలం ‘నిలు’. కన్నడ, తమిళాల్లోనూ ఉన్న పాత ద్రావిడ ధాతువే. కర్ణాటకలోని మంచేనహళ్ళి వైపు తెలుగూ కన్నడమూ ఒకే నోట వినిపిస్తాయి కాబట్టి అక్కడ తేడా బాగా తెలుస్తుంది: మనకు ‘నిలువు’ అంటే ఎత్తు, కన్నడంలో ఇవాళ ఒకరి వైఖరి. నిలకడ, నిలుపుదల, నిలువుదోపిడి అన్నీ ఈ కుదురువే. నిలయం మాత్రం కాదు, అది సంస్కృతం. నిలబడటం నుంచి ఈ మాట దాచిన ధాన్యానికీ, ఖాతాలో మిగిలిన డబ్బుకీ, ఊరగాయకూ పాకింది. నీటి దగ్గర మాత్రం పాత అర్థం వదల్లేదు: నిలువనీరంటే కదలనిది. కానీ రియాక్టరులో ద్రవం కదులుతూనే ఉంటుంది. లోపలికి వెళ్ళే చోట ఒక్కసారిగా రంగో ఉప్పో కలిపి, బయటికొచ్చే చోట దాని గాఢతను వరసగా కొలిస్తే, కొంత ముందే దూసుకొస్తుంది, కొంత మూలల్లో చిక్కి ఆలస్యమవుతుంది. ఈ లెక్కకు 1953లో పి.వి. డాంక్‌వర్ట్స్ రాసిన వ్యాసం గట్టి పునాది. పాత్ర ఘనపరిమాణాన్ని ప్రవాహంతో భాగిస్తే వచ్చేది సగటే. హెబ్బాళ–నాగవార పథకం కింద బెంగళూరులో శుద్ధిచేసిన నీళ్ళు చిక్కబళ్ళాపురం చెరువుల్లోకి వస్తున్నాయి. ఆ చెరువులకూ ఈ కొలత కావాలి. కదలని మూలలకే ‘నిలువ’ అట్టేపెట్టి, మొత్తానికి ‘ఉండే కాలం’ అందాం. కలిపే పదార్థానికి ‘జాడ’ చక్కగా సరిపోతుంది, కన్నడంలోనూ ‘జాడు’ ఉంది కదా.