తపాలా బిళ్ళల కాగితపు రకాలు

తపాలా బిళ్ళల ముద్రణకు వివిధ దేశాలు వివిధ కాలాలలో వేర్వేరు కాగితాలను వాడాయి. ఒకే బొమ్మ, ఒకే వెల, ఒకే రంగు గల రెండు బిళ్ళలు వేర్వేరు కాగితాలపై ముద్రింపబడి ఉండవచ్చు. కేటలాగులు సాధారణంగా వీటిని వేర్వేరు బిళ్ళలుగా పరిగణించి, వేర్వేరు సంఖ్యలనూ ధరలనూ ఇస్తాయి. ఉదాహరణకు 1868లో కెనడా వెలువరించిన విక్టోరియా రాణి 2 సెంట్ల ఆకుపచ్చ బిళ్ళ మామూలు కాగితంపై విరివిగా దొరుకుతుంది. అదే బిళ్ళ లెయిడ్ కాగితంపై ఇప్పటివరకు మూడు మాత్రమే బయటపడ్డాయి. అందువలన కాగితాన్ని గుర్తించడం తపాలా బిళ్ళల సేకరణలో ముఖ్యమైన అంశం.

ప్రధాన రకాలు

* వోవ్ కాగితం: సన్నని తీగల వలపై తయారైన కాగితం. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే అంతటా ఒకే తీరుగా కనిపిస్తుంది. 1840లో బ్రిటన్‌లో వెలువడిన ప్రపంచపు మొదటి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్ ఈ కాగితంపై ముద్రింపబడినదే. అత్యధిక బిళ్ళలు ఈ రకానికి చెందినవి.
* లెయిడ్ కాగితం: దీనిలో దగ్గర దగ్గరగా సమాంతర గీతలు, వాటికి అడ్డంగా ఎడమెడంగా మరికొన్ని గీతలు ఉంటాయి. ఇవి తయారీలోనే కాగితంలో ఏర్పడతాయి, ముద్రించినవి కావు.
* పెల్యూర్ కాగితం: చాలా పలుచగా, గట్టిగా, కొంత పారదర్శకంగా ఉంటుంది. 1862 నాటి న్యూజీలాండ్ బిళ్ళలు కొన్ని దీనిపై ఉన్నాయి.
* పట్టుదారపు కాగితం: బ్రిటన్‌లో జాన్ డికిన్సన్ రూపొందించినది. దీనిలో పట్టుదారాలు పొడుగునా పొదిగి ఉంటాయి. 1847 నాటి బ్రిటిష్ 1 షిల్లింగు ఉబ్బెత్తు బిళ్ళలలో ఈ దారాలను చూడవచ్చు.
* గ్రానైట్ కాగితం: రంగు నూలు పోగులు చిన్న ముక్కలుగా కలిసి ఉంటాయి. స్విట్జర్లాండ్ 1881 నుండి దీనిని వాడింది. పోగులు భూతద్దంలో స్పష్టంగా కనిపిస్తాయి.
* సుద్దపూత కాగితం: ఉపరితలంపై సుద్దవంటి పూత ఉంటుంది. తపాలా ముద్రను చెరిపి బిళ్ళను తిరిగి వాడబోతే పూతతోపాటు బొమ్మ కూడా చెడిపోతుంది. బ్రిటన్‌లో ఎడ్వర్డ్ VII కాలంలో, 1905 నుండి ఇది వాడుకలోకి వచ్చింది.
* దేశవాళీ కాగితం: చేతితో చేసినది, మందం అసమంగా ఉంటుంది. నేపాల్ 1881లో తన తొలి బిళ్ళలను ఐరోపా కాగితంపై ముద్రించి, తరువాత స్థానిక కాగితానికి మారింది.

కాగితపు రంగును చూసేటప్పుడు కారణాన్ని కూడా గమనించాలి. 1841 నాటి పెన్నీ రెడ్ బిళ్ళల కాగితం నీలివన్నెతో కనిపిస్తుంది. అది రంగు వేసిన కాగితం కాదు, సిరాలోని రసాయనం వలన కాగితానికి ఆ వన్నె వచ్చింది.

నీటిగుర్తు

తయారీ సమయంలో కాగితంలో కొంత భాగాన్ని పలుచబరచి ఏర్పరచే గుర్తును వాటర్‌మార్కు లేదా నీటిగుర్తు అంటారు. నకిలీలను అరికట్టడం దీని ఉద్దేశం. పెన్నీ బ్లాక్‌లో చిన్న కిరీటం నీటిగుర్తుగా ఉంది. భారతదేశంలోని సంస్థానాలలో తిరువాన్కూరు శంఖాన్ని, కొచ్చిన్ గొడుగును నీటిగుర్తులుగా వాడాయి.

భారతదేశపు బిళ్ళలు

1852లో వెలువడిన సింధ్ డాక్ బిళ్ళలు ఆసియాలోనే మొదటివి. వాటిలో ఎర్రనివి లక్కవంటి పెళుసు పదార్థంపై అచ్చొత్తబడినందున సులభంగా విరిగిపోయేవి. తెల్లనివీ నీలివీ కాగితంపై తయారయ్యాయి. 1854లో కలకత్తాలో ముద్రించిన బిళ్ళల కాగితంలో ఈస్టిండియా కంపెనీ రాజచిహ్నం పెద్ద నీటిగుర్తుగా షీటు అంతటా పరచుకొని ఉంటుంది. కాబట్టి ఒక్కొక్క బిళ్ళలో దానిలో కొంత భాగమే కనిపించవచ్చు. 1855లో లండన్‌లోని డి లా ర్యూ సంస్థ 4 అణాలు, 8 అణాల బిళ్ళలను నునుపైన నీలి కాగితంపై, నీటిగుర్తు లేకుండా ముద్రించింది.

తరువాత 1865లో ఏనుగు తల, 1882లో నక్షత్రం నీటిగుర్తులుగా వచ్చాయి. 1926లో నాసిక్ ముద్రణాలయం బిళ్ళల ముద్రణ ప్రారంభించినపుడు అనేక నక్షత్రాల గుర్తు ప్రవేశించింది. కొత్తగా సేకరించేవారికి భారతదేశ పటం బొమ్మగల నయాపైసల బిళ్ళలు మంచి అభ్యాసం. 1957లో వచ్చిన వాటిలో నక్షత్రాలు, 1958 నుండి వచ్చిన వాటిలో అశోక స్తంభ శీర్షాలు నీటిగుర్తులుగా ఉంటాయి. ముందువైపు చూసి రెండింటినీ వేరుచేయడం కష్టం, వెనుకవైపు పరీక్షించాలి.

2011 ఫిబ్రవరిలో భారత తపాలా శాఖ గాంధీజీ బొమ్మతో 100 రూపాయల బిళ్ళను కాగితానికి బదులు ఖాదీ వస్త్రంపై విడుదల చేసింది.

పరీక్షించే విధానం

హాని కలిగించని పరీక్షలను ముందు చేయాలి.

# పటకారుతో పట్టుకొని వెలుతురుకు ఎదురుగా, ఆ తరువాత భూతద్దంతో వెనుకవైపు చూడాలి. గీతలు, దారాలు, పోగులు ఈ దశలోనే తెలుస్తాయి.
# మందాన్ని మైక్రోమీటరుతో కొలవాలి. వెనుక జిగురు ఉంటే కొలత పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.
# అతినీలలోహిత దీపం కింద చూడాలి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు రెండవ ప్రపంచయుద్ధం తరువాతనే విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. పందొమ్మిదవ శతాబ్దపు బిళ్ళ ఈ దీపం కింద నీలితెలుపుగా ప్రకాశిస్తే అనుమానించాలి. అయితే సబ్బుపొడి నీటిలో నానిన అసలు బిళ్ళ కూడా అలాగే ప్రకాశించవచ్చు.
# నీటిగుర్తు కోసం బిళ్ళను నల్లని పళ్ళెంలో బోర్లించి, ఇందుకోసం అమ్మే ద్రవాన్ని కొన్ని చుక్కలు వేయాలి. పలుచని భాగం ముదురుగా కనిపిస్తుంది. బెంజీన్ వంటి ద్రవాలు త్వరగా మండుతాయి, వాటి ఆవిరి హానికరం. కొన్ని సిరాలు వీటిలో కరిగిపోతాయి.

సుద్దపూతను తెలుసుకోవడానికి వెండి ముక్కతో గీచి చూసే పాత పద్ధతి ఒకటి ఉంది. పూత ఉంటే పెన్సిలు గీతవంటి నల్లని గీత పడుతుంది. ఆ గీత బిళ్ళపై మిగిలిపోతుంది గనుక విలువైన బిళ్ళలపై ఈ పరీక్ష చేయకూడదు. సుద్దపూత బిళ్ళలను ఎక్కువసేపు నీటిలో నానబెట్టడం కూడా ప్రమాదకరం.

నకిలీ బిళ్ళలు

1872లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజి తపాలా కార్యాలయంలో తంతి పత్రాలపై 1 షిల్లింగు ఆకుపచ్చ నకిలీ బిళ్ళలు వాడబడ్డాయి. 1898లో చార్లెస్ నిస్సెన్ గమనించేవరకు ఈ మోసం బయటపడలేదు. అసలు బిళ్ళలో ఉండే గులాబీ కొమ్మ నీటిగుర్తు వాటిలో లేదు.

దీనికి భిన్నమైనది జాన్ డి స్పెరాటి (1884-1957) పద్ధతి. ఇతడు చవకగా దొరికే అసలు బిళ్ళలపై బొమ్మను రసాయనాలతో తొలగించి, అదే కాగితంపై అరుదైన బిళ్ళల బొమ్మను ముద్రించేవాడు. కాగితమూ నీటిగుర్తూ, కొన్నిటిపై తపాలా ముద్ర కూడా అసలువే గనుక నిపుణులు సైతం మోసపోయారు. 1954లో బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్ ఇతని వద్ద ఉన్న సరుకును కొనివేసింది. కాగితం సరిపోనపుడు బిళ్ళ అసలుది కాదని చెప్పవచ్చు గాని, కాగితం సరిపోయినంత మాత్రాన అసలుదని నిర్ధారించడానికి వీలులేదు. ముద్రణ విధానం, రంగు, అంచు రంధ్రాలు, తపాలా ముద్ర తేదీ కూడా సరిచూడాలి.