హక్కులకు ఎల్లలు: చెన్నపట్టణము నుండి నల్లగొండ వరకు

ఆంగ్లేయులు తమ దేశమున రాజాధికారమునకు హద్దులు విధించుకొనిన పత్రములలో 1215 నాటి మాగ్నా కార్టా, 1628 నాటి హక్కుల విజ్ఞాపనము, 1679 నాటి హెబియస్ కార్పస్ శాసనము సుప్రసిద్ధములు. ఈ హక్కులు సముద్రము దాటి వచ్చినపుడు తెలుగువారికి ఎంతవరకు దక్కినవి? ఈ ప్రశ్నకు సమాధానము చెన్నపట్టణమున మొదలై, కృష్ణకు ఉత్తరమున నున్న పాలమూరు, నల్లగొండ మండలములలో స్పష్టమగుచున్నది.

చెన్నపట్టణమున ఆంగ్లన్యాయము వర్తకుల వెంట వచ్చినది. ఇంగ్లండు శాసనముల ననుసరించి తీర్పు చెప్పు అధికారమును 1661 నాటి రాజశాసనము కంపెనీ గవర్నరునకును, ఆలోచనసభకును ఒసగెను. 1687లో ఏర్పడిన నగరసభయందు మేయరుతోపాటు పండ్రెండుగురు ఆల్డర్మనులు ఉండిరి. వారిలో దేశీయ వర్తకులకును స్థానము లభించెను. 1726లో రాజశాసనముచే మేయరు న్యాయస్థానము నెలకొల్పబడెను. కాని 1753 నాటి శాసనము, ఉభయ పక్షములు సమ్మతించిననే తప్ప దేశీయుల పరస్పర వ్యాజ్యములను ఆ న్యాయస్థానము విచారింపరాదని నియమించెను. 1801లో సుప్రీముకోర్టు వెలసినను, దాని రక్షణ ప్రధానముగా నగరవాసులదే.

పల్లెలలో స్థితి వేరు. 1816 నాటి నిబంధనలచే శిస్తు వసూలు చేయు కలెక్టరునకే మేజిస్ట్రేటు అధికారమును, పోలీసు పెత్తనమును సంక్రమించెను. శిస్తు కొఱకు రైతులను హింసించుట 1855 నాటి విచారణసంఘ నివేదికలో ధ్రువపడినది. ఈ దుస్థితిలో రైతుపక్షమునకు మిగిలిన ఆంగ్ల హక్కు విజ్ఞాపన మొక్కటియే. గాజుల లక్ష్మీనరసుసెట్టి ప్రభృతులు 1852లో మద్రాసు స్వదేశ సంఘమును స్థాపించి, పార్లమెంటునకు అర్జీ పంపుటతో ఆ హక్కు సార్థకమయ్యెను.

1800 నాటి సంధిచే నిజాము దత్తమండలములను కంపెనీకి ఇచ్చెను. పాలమూరు, నల్లగొండలు మాత్రము నిజాము రాజ్యముననే నిలిచినవి. ఇచ్చట ఖాల్సా భూములతోపాటు జాగీరులును, గద్వాల, వనపర్తి వంటి సంస్థానములును ఉండెను. బ్రిటిషు పార్లమెంటునకు అర్జీ పెట్టుకొను మార్గము ఇచ్చటి వెట్టివానికి లేదు. సభ జరుపుటకైనను ముందుగా అనుమతి పొందవలెనని గస్తీ నిషాన్ 53 నిర్బంధించెను. కావున హక్కులు ఇచ్చట సన్నదుగా రాలేదు. ప్రజల కోర్కెగా పుట్టినవి. 1930లో జోగిపేట, 1931లో దేవరకొండ, 1936లో షాద్‌నగరు, 1944లో భువనగిరి ఆంధ్రమహాసభలకు వేదికలయ్యెను. మొదటి సభకు సురవరము ప్రతాపరెడ్డియు, రెండవదానికి బూర్గుల రామకృష్ణారావును అధ్యక్షత వహించిరి.

1948లో హైదరాబాదు భారతదేశమున విలీనమైనది. నల్లగొండ ప్రధానరంగముగా సాగిన రైతాంగ పోరాటపు కేసులలో సైనిక పాలనము నాటి ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్షలు విధించెను. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చిన పిమ్మట శిక్షితులు హెబియస్ కార్పస్ కోరి సుప్రీముకోర్టు నాశ్రయించిరి. వారి పక్షమున వాదించినవాడు ఇంగ్లండు న్యాయవాది డి. ఎన్. ప్రిట్. జనార్దనరెడ్డి కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యమును 1951లో న్యాయస్థానము త్రోసిపుచ్చెను.

చెన్నపట్టణమున స్థలము ఎల్ల కాగా, ఇచ్చట కాలము ఎల్లయైనది: శిక్షలు రాజ్యాంగమునకు పూర్వపువి. హక్కును ప్రకటించుట యొకటి, అది ఎవరికి, ఎప్పటినుండి వర్తించునో నిర్ణయించుట వేఱొకటి. తొలి వలసపాలనమును తీర్చినది ఈ రెండవ నిర్ణయమే. ఆంగ్ల హక్కుల చరిత్రను వ్రాయువారు సన్నదులను చదివిన మాత్రమున చాలదు. సన్నదు చెల్లని చోట నిలిచిన రైతు గాథనుకూడ పరిశీలింపవలసియున్నది.